కార్బన్ కాయితం మీద మందారాలు

అమ్మ పోయాక కోడుమూరులో ఇల్లు ఖాళీ చేస్తూ నేనొక పొరపాటు చేశాను. ఇనప్పెట్టెలోంచి పొలం పాసుపుస్తకం, పన్ను రసీదులు, నా సర్టిఫికెట్ల నకళ్ళు జాగ్రత్తగా తీసి పెట్టుకున్నాను. వాటి అడుగున ఉన్న పాత కార్బన్ కాయితాల కట్టని మాత్రం చెత్తలో పడేశాను. స్త్రీల చరిత్ర పాఠం చెప్పే మనిషిని నేను!

ఆ కార్బన్లు మా మేనమామ పనిచేసే ఆఫీసు నుంచి వచ్చేవి. టైపు మిషన్లో నలిగి నలిగి అరిగిపోయాక ఆఫీసుకి అవి పనికిరావు. అమ్మకి అప్పుడే పనికొచ్చేవి. కొత్త కార్బన్ గుడ్డకి మసి పూస్తుంది, ఉతికినా ఓ పట్టాన పోదు. అరిగినదైతే సన్నటి నీలిగీత పడి, కుట్టు కింద దాగిపోతుంది. గుడ్డ మీద కార్బన్, దానిమీద పువ్వు గీసిన కాయితం పరిచి, సిరా అయిపోయిన రీఫిల్‌తో దిద్దేది. "పారేయొద్దు మే, ఇంకా గీత పడతాది" అనేది. వెలుతురుకి ఎత్తి పడితే ఎవరి మీదో జారీ అయిన తాఖీదు అక్షరాలు, వాటి మీదుగా మందారాలు. ఒక్క మందారం మా వీధిలో ఎన్ని దిండు గలీబుల మీద పూసిందో!

కార్బన్ కాయితానికి ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లో పేటెంటు తీసుకున్నాడు. ఇంచుమించు అదే కాలంలో ఇటలీలో పెల్లెగ్రీనో టుర్రీ, చూపు కోల్పోయిన కరోలినా ఫాంటోని కోసం ఒక రాత మిషన్ తయారుచేశాడు. దానికి సిరా కార్బన్ కాయితమే. ఆ మిషన్ ఇప్పుడు లేదు. ఆమె దానిమీద రాసుకున్న ఉత్తరాలు కొన్ని మిగిలాయి. ఇంకొకరి చేత రాయించుకోకుండా తన మాట తనే రాసుకోవాలన్న ఒక స్త్రీ అవసరం ఆ కాయితం పుట్టుకలోనే ఉందన్నమాట. తర్వాత అది ఆఫీసుకెక్కింది. ఎందరో ఆడవాళ్ళకి టైపిస్టులుగా పరుల మాటలకి నకళ్ళు తీయడమే ఉద్యోగమైంది.

1970లో సోనియా షెరిడన్ చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో 'జెనరేటివ్ సిస్టమ్స్' కార్యక్రమం మొదలుపెట్టి, ఆఫీసు కాపీ మిషన్లతో బొమ్మలు చేయడం నేర్పింది. ఆమె పనిని కళ అన్నారు, భద్రపరిచారు. మా ఊళ్ళో మగ్గం మీద బుటా వేయడాన్ని కూడా విద్య అనే అంటారు. అమ్మ చేసిందాన్ని మాత్రం 'పొద్దుపోక కుట్టుకునేది' అన్నాం. 'చూసి దించిందే కదా' అని నేనూ అన్నాను. కానీ ఏ రేకుని పెంచాలో, ఏ కాడని వంచాలో, ఏ దారం వాడాలో కార్బన్ చెప్పదు. దించిన ప్రతిసారీ ఆ పువ్వు కొంచెం మారేది.

జిరాక్సులు, కంప్యూటర్లు వచ్చాక ఆ కార్బన్లు రావడం ఆగిపోయింది. ఇప్పుడు నా దగ్గర ఒక్క గలీబే మిగిలింది. ఒక రేకు దగ్గర దారం ఊడిపోయింది. దాని కింద అమ్మ దిద్దిన నీలిగీత ఇంకా ఉంది. మళ్ళీ కుట్టించలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి కట్టలుంటాయి. పారేసేముందు ఆ పువ్వులు ఎవరు గీశారో, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి చేరాయో అడిగి రాసిపెట్టండి. నేను అడగలేదు.