సోదా వారెంటు – కాక్‌పిట్ ధ్వనిముద్రిక: న్యూజిలాండ్ వివాదం (1995–2001), ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

విమాన ప్రమాదం జరిగిన స్థలానికి సాధారణంగా రెండు రకాల అధికారులు చేరుకుంటారు. ప్రమాదానికి కారణమేమిటో తెలుసుకొని అటువంటిది మరల జరగకుండా చూడవలసినవారు ఒకరు; నేరమేదైనా జరిగిందా అని విచారించవలసిన పోలీసులు మరొకరు. ఇద్దరి లక్ష్యాలు వేరైనా, ఇద్దరికీ కావలసిన వస్తువు చాలాసార్లు ఒకటే: పైలట్ల చివరి మాటలను దాచిపెట్టిన కాక్‌పిట్ వాయిస్ రికార్డర్. దర్యాప్తు సంస్థ అధీనంలో ఉన్న ఆ టేపును పోలీసులు సోదా వారెంటుతో తీసుకొనవచ్చునా అనే ప్రశ్న న్యూజిలాండ్‌లో 1995 నాటి ఒక ప్రమాదం తరువాత కోర్టుకెక్కింది. వైమానిక న్యాయశాస్త్రంలో ఈ వివాదాన్ని సాధారణంగా గోప్యతకు సంబంధించినదిగా చదువుతారు. దానిని వారెంటు అనే సాధనం స్వభావానికి సంబంధించిన వివాదంగా చదివినప్పుడే తరువాతి పరిణామాలు సుబోధకమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఎరెబస్ నీడ

న్యూజిలాండ్ పైలట్లకు ప్రమాద దర్యాప్తుల పట్ల ఉన్న అపనమ్మకం 1995లో పుట్టినది కాదు. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజిలాండ్ విహార విమానం అంటార్కిటికాలోని ఎరెబస్ పర్వతాన్ని ఢీకొన్నది. అందులోని 257 మందీ మరణించారు. ప్రధాన దర్యాప్తు అధికారి రాన్ చిపిండేల్ తన నివేదికలో ప్రధానంగా పైలట్ నిర్ణయాన్ని తప్పుపట్టగా, 1981లో నివేదిక సమర్పించిన జస్టిస్ పీటర్ మహాన్ రాయల్ కమిషన్ ఆ నిర్ణయానికి భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. విమానమార్గపు కంప్యూటర్ వివరాలను మార్చి, ఆ మార్పును సిబ్బందికి తెలియజేయకపోవడమే ప్రధాన కారణమని మహాన్ తేల్చాడు. సంస్థ అధికారులు సంఘటితంగా నిజాన్ని దాచారన్న ఆయన నిర్ధారణ మాత్రం సహజన్యాయ సూత్రాలకు విరుద్ధమని 1983లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ భావించింది.

ఆ వివాదంలో ప్రస్తుత విషయానికి కావలసిన అంశం ఒకటుంది. కాక్‌పిట్ టేపులో వినిపించిన మాటలేవి, అవి ఎవరు అన్నవి అనే విషయంలోనే దర్యాప్తు అధికారికీ రాయల్ కమిషన్‌కూ ఏకాభిప్రాయం కుదరలేదు. ఇంజిను హోరులో సగం సగం వినిపించే మాటలను ఒకరు ఆందోళనగా, మరొకరు మామూలు సంభాషణగా అర్థం చేసుకొనగలరని దేశమంతటికీ తెలిసింది. అటువంటి టేపు రేపు క్రిమినల్ కోర్టులో సాక్ష్యం కావచ్చుననే భయానికి పునాది అక్కడే పడిందని భావించవచ్చు.

రవాణా ప్రమాదాల దర్యాప్తు కమిషన్ 1990లో ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడింది. ప్రమాద కారణాలను నిర్ణయించి భవిష్యత్తులో అటువంటివాటిని నివారించడమే దాని కర్తవ్యమనీ, ఎవరిపైనా నింద మోపడం కాదనీ ఆ చట్టమే పేర్కొన్నది. ఈ భావన 1944 నాటి షికాగో ఒడంబడికకు 1951లో చేర్చిన 13వ అనుబంధం నుండి వచ్చినది. ఆ అనుబంధంలోని 5.12 పేరా కాక్‌పిట్ ధ్వనిముద్రికలు, సాక్షుల వాంగ్మూలాలు మొదలైనవాటిని ప్రమాద దర్యాప్తుకు తప్ప ఇతర ప్రయోజనాలకు వెల్లడించరాదంటుంది. వెంటనే ఒక మినహాయింపు కూడా ఇస్తుంది: వెల్లడి వల్ల కలిగే ప్రయోజనం, దాని వల్ల ఆ దర్యాప్తుకూ భవిష్యత్ దర్యాప్తులకూ కలిగే నష్టం కంటే ఎక్కువని సముచితాధికారి నిర్ణయిస్తే వెల్లడించవచ్చును. పైలట్లు మొదటి వాక్యాన్ని హామీగా స్వీకరించారు. వివాదమంతా రెండవ వాక్యంలో ఉన్నది.

ప్రమాదం, వారెంటు

1995 జూన్ 9 ఉదయం ఆన్‌సెట్ న్యూజిలాండ్ సంస్థకు చెందిన డాష్-8 విమానం ఆక్లండ్ నుండి పామర్‌స్టన్ నార్త్‌కు వస్తున్నది. అందులో 18 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది ఉన్నారు. దిగేముందు కుడివైపు ప్రధాన చక్రాలు కిందికి రాలేదు. ఈ రకం విమానాలలో అటువంటి ఇబ్బంది అంతకుముందు కూడా తలెత్తినదే. మేఘాల మధ్య దిగుదల ఆపకుండానే, చక్రాలను ప్రత్యామ్నాయ పద్ధతిలో దించే పనిలో సిబ్బంది నిమగ్నమయ్యారు. ఎత్తు మీద ఉండవలసిన దృష్టి చక్రాల మీదికి మళ్లింది. నేల దగ్గరవుతున్నదని హెచ్చరించవలసిన పరికరం దాదాపు 17 సెకన్ల ముందు మోగవలసి ఉండగా, సుమారు 4 సెకన్ల ముందు మాత్రమే మోగింది. విమానాశ్రయానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, టారారువా కొండల పాదాల వద్ద విమానం కూలిపోయింది. విమాన పరిచారికతో సహా నలుగురు మరణించారు. పైలట్లిద్దరూ బతికారు.

పైలట్లు బతికి ఉండడమే ఈ ప్రమాదాన్ని న్యాయచరిత్రలో ప్రత్యేకంగా నిలిపింది. ఎరెబస్ వద్ద నేరం మోపడానికి కాక్‌పిట్‌లో ఎవరూ మిగలలేదు. ఇక్కడ మిగిలారు. పోలీసులు మాన్‌స్లాటర్, అంటే ఉద్దేశం లేని నరహత్య, కోణంలో విచారణ సాగిస్తూ కమిషన్ వద్ద ఉన్న ధ్వనిముద్రిక కోసం 1957 నాటి సమ్మరీ ప్రొసీడింగ్స్ చట్టం 198వ సెక్షన్ కింద సోదా వారెంటు పొందారు.

ఆనాటి క్రిమినల్ చట్టాన్ని కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. ప్రమాదకరమైన వస్తువును తన అధీనంలో ఉంచుకొన్న వ్యక్తి సహేతుకమైన జాగ్రత్త వహించకపోవడం వల్ల మరణం సంభవిస్తే, మాన్‌స్లాటర్ నేరానికి న్యూజిలాండ్‌లో మామూలు నిర్లక్ష్యమే సరిపోయేది. ఇతర కామన్ లా దేశాలలో కోరే తీవ్ర నిర్లక్ష్యం అక్కర్లేదు. ఆపరేషన్ సమయంలో పొరపాటున ఒక మందుకు బదులు వేరొక మందు ఎక్కించిన మత్తువైద్యుడు ఈ ప్రమాణం కిందనే దోషిగా తేలాడు. 1990లో ప్రచురితమైన ఆ తీర్పు వైద్యులలో తీవ్ర కలవరం రేపింది. చక్రాల మీద దృష్టి పెట్టి ఎత్తును గమనించని పైలట్ ఆ వైద్యుని స్థానంలో తనను ఊహించుకొనడానికి పెద్ద ప్రయత్నం అక్కర్లేదు. టేపు కోసం పోరాటం అంత గట్టిగా ఎందుకు జరిగిందో ఈ నేపథ్యం లేకుండా బోధపడదు.

కోర్టులో ప్రశ్న

పైలట్ల సంఘం ఈ వారెంటును సవాలు చేసింది. వివాదం చివరికి అప్పీలు కోర్టుకు చేరగా, 1997లో ఆ కోర్టు తీర్పునిచ్చింది. తీర్పును వ్రాసిన జస్టిస్ కెనెత్ కీత్ తరువాతి కాలంలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తి అయినవాడు. అంతర్జాతీయ న్యాయం పట్ల ఉదాసీనుడైన న్యాయమూర్తి చేతిలో పడి పైలట్లు ఓడిపోయారనడానికి వీలులేదు.

సంఘం వాదన సారాంశమిది. న్యూజిలాండ్ షికాగో ఒడంబడికలో భాగస్వామి. దర్యాప్తు కమిషన్ చట్టం ఆ ఒడంబడిక స్ఫూర్తితోనే వచ్చింది. కనుక సోదా వారెంటు అధికారాన్ని 13వ అనుబంధానికి అనుగుణంగా కుదించి చదవాలి, 5.12 పేరా కోరిన తూకం వేయకుండా జారీ అయిన వారెంటు చెల్లదు. ప్రభుత్వ పక్షం వాదన ఇంతకంటే సరళమైనది. జైలు శిక్ష పడదగిన నేరానికి సాక్ష్యం ఎక్కడ ఉన్నా వారెంటుతో తీసుకొనవచ్చునని పార్లమెంటు చెప్పింది. దర్యాప్తు కమిషన్‌కు మినహాయింపు ఉన్నదని ఎక్కడా చెప్పలేదు.

కోర్టు అంగీకరించినదానినీ నిరాకరించినదానినీ వేరుచేసి చూడాలి. శాసనంలోని పదాలు అవకాశమిస్తే దేశం అంగీకరించిన అంతర్జాతీయ బాధ్యతలకు అనుగుణంగా వాటిని అన్వయించాలనే సూత్రాన్ని కోర్టు ఒప్పుకొన్నది. న్యూజిలాండ్ న్యాయశాస్త్రంలో ఈ తీర్పును నేటికీ ఉదాహరించేది ప్రధానంగా ఈ సూత్రం కోసమే. కానీ ఆ సూత్రం పదాలకు లేని అర్థాన్ని కల్పించలేదు. అనుబంధం పోలీసుల వారెంటు అధికారాన్ని తొలగించలేదని కోర్టు తేల్చడంతో సంఘం వాదన వీగిపోయింది. ఇన్నేళ్లుగా హామీ అనుకొన్నది దేశీయ చట్టంలో ఎక్కడా రాసి లేదని తేలింది.

తీర్పు న్యాయశాస్త్ర దృష్ట్యా నిర్దుష్టమైనదే. అయినా అది ఒక లోటును బయటపెట్టింది. 198వ సెక్షన్ కింద పోలీసు అధికారి ప్రమాణపూర్వకంగా లిఖిత దరఖాస్తు ఇచ్చేవాడు. వారెంటు జారీచేయగలవారిలో న్యాయమూర్తి మాత్రమే కాక జస్టిస్ ఆఫ్ ది పీస్, కోర్టు రిజిస్ట్రారు కూడా ఉండేవారు. సాక్ష్యం దొరుకుతుందని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయా అన్నది వారు చూడవలసిన విషయం. దర్యాప్తు సంస్థకు గాని పైలట్లకు గాని ఆ దశలో నోటీసు ఉండేది కాదు. దొంగసొత్తు దాచిన ఇంటిని సోదా చేయడానికి ఈ పద్ధతి సబబే. ముందుగా చెబితే సొత్తు మాయమవుతుంది. ప్రభుత్వ కమిషన్ భద్రపరచిన టేపు ఎక్కడికీ పోదు. ఏకపక్షంగా జారీ అయ్యే వారెంటుకు ఉన్న సమర్థన ఇక్కడ వర్తించదు. 5.12 పేరా కోరిన తూకానికి మాత్రం అవతలి పక్షం వాదన వినడం అనివార్యం. రెండు పళ్లేల తక్కెడ పని ఒంటి పళ్లెంతో జరగదు.

శాసనసభ జోక్యం

లోటును పూడ్చడం కోర్టు పని కాదని తీర్పు చెప్పకనే చెప్పింది. పార్లమెంటు రెండు వైపుల నుండి ఆ పని చేసింది. 1997లో నేరచట్టాన్ని సవరించి, ఇటువంటి కేసులలో మామూలు నిర్లక్ష్యం చాలదనీ, ఆశించదగిన జాగ్రత్త నుండి భారీ వ్యత్యాసం ఉండాలనీ నిర్దేశించింది. ఈ సవరణ వెనుక ప్రధానంగా వైద్యుల ఒత్తిడి ఉన్నది. పైలట్లు దాని లబ్ధిదారులు మాత్రమే. 1999లో దర్యాప్తు కమిషన్ చట్టానికి చేసిన సవరణ నేరుగా ఈ వివాద ఫలితం. కాక్‌పిట్ ధ్వనిముద్రికలను సిబ్బందిపై క్రిమినల్ విచారణలలో ఉపయోగించకుండా అది నిరోధించింది. సివిల్ వ్యాజ్యాలలో వెల్లడికి హైకోర్టు ఉత్తర్వును షరతుగా పెట్టింది. పోలీసులు తమ సొంత సాక్ష్యాలతో విచారణ జరపడానికి అడ్డేమీ లేదు.

డాష్-8 కెప్టెన్‌పై మాన్‌స్లాటర్ విచారణ 2001లో, అంటే ప్రమాదం జరిగిన ఆరేళ్లకు, జరిగింది. జ్యూరీ ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. టేపు కోసం జరిగిన పోరాటానికీ ఈ ఫలితానికీ ప్రత్యక్ష సంబంధం చూపడం తొందరపాటవుతుంది. ఆరేళ్ల కాలం మాత్రం గమనార్హం. కారణాలను తేల్చే నివేదిక వెలువడిన చాలాకాలం తరువాత కూడా నలుగురు మృతుల కుటుంబాలకు న్యాయస్థానం నుండి జవాబు రాలేదు. పైలట్ల పట్ల సానుభూతితో వ్రాసిన వ్యాసాలలో ఈ కుటుంబాల నిరీక్షణ ప్రస్తావన తరచుగా కనిపించదు. వారెంటును కోరిన పోలీసులు ప్రాతినిధ్యం వహించినది, ఎంత అసంపూర్ణంగానైనా, ఆ నిరీక్షణకే.

ఇతర దేశాల దారి

ఇతర దేశాలు ఇదే సమస్యను ఎదుర్కొన్న తీరు పై ప్రతిపాదనను బలపరుస్తుంది. స్కాట్లండ్‌లోని సంబర్గ్ సమీపాన 2013 ఆగస్టు 23న హెలికాప్టర్ సముద్రంలో కూలి నలుగురు మరణించగా, రికార్డర్ కోసం ప్రాసిక్యూషన్ అధిపతి అయిన లార్డ్ అడ్వొకేట్ కోర్ట్ ఆఫ్ సెషన్‌ను ఆశ్రయించాడు. పైలట్ల సంఘం వాదన విన్న తరువాతనే 2015లో లార్డ్ జోన్స్ వెల్లడికి అనుమతించాడు. ఫలితం పోలీసులకే అనుకూలం. కానీ ఇది ఉన్నత న్యాయస్థానంలో ఇరుపక్షాలను విని వేసిన తూకం.

ఇంగ్లండ్‌లోని షోరమ్ వైమానిక ప్రదర్శనలో 2015 ఆగస్టు 22న యుద్ధవిమానం రహదారిపై కూలి 11 మంది మరణించిన ఘటనలో హైకోర్టు మరింత సూక్ష్మంగా వ్యవహరించింది. కాక్‌పిట్‌లోని కెమెరా దృశ్యాలను పోలీసులకు ఇవ్వవచ్చునన్నది. దర్యాప్తు అధికారులకు పైలట్ ఇచ్చిన వాంగ్మూలాలను మాత్రం ఇవ్వరాదని 2016లో నిర్ణయించింది. చట్టం ఒత్తిడితో మనిషి నోట పలికించినదీ, యంత్రం దానంతటది చూసినదీ ఒకటి కావని ఈ విభజన తాత్పర్యం. ఈ భేదాన్ని ఒక సోదా వారెంటు తన షరతులలో వ్యక్తపరచడం దుస్సాధ్యం. 2019లో ఆ పైలట్ కూడా నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఫ్రాన్సు పరిస్థితి వేరు. అక్కడ సాక్ష్యాలపై పట్టు న్యాయవిచారణాధికారులదే. 2000 జులైలో కూలిన కాంకార్డ్ దర్యాప్తులో పాల్గొన్న బ్రిటిష్ అధికారులు, న్యాయవిభాగం వల్ల శకలాలను స్వేచ్ఛగా పరిశీలించలేకపోయామని అభ్యంతరం తెలిపారు. న్యూజిలాండ్‌లో పోలీసులు దర్యాప్తు సంస్థ తలుపు తట్టవలసి వచ్చింది. పారిస్‌లో దర్యాప్తు సంస్థే న్యాయవిభాగం తలుపు వద్ద నిలబడింది.

భారతదేశంలోని పరిస్థితిని న్యూజిలాండ్ తీర్పు వెలుగులో పరిశీలించవలసి ఉంది. ప్రమాదాల నివారణే ఏకైక లక్ష్యమనీ నిందారోపణ కాదనీ విమాన ప్రమాదాల దర్యాప్తు నిబంధనలు పేర్కొంటున్నాయి. రికార్డుల వెల్లడిపై పరిమితులు కూడా విధిస్తున్నాయి. అయితే ఇవి శాసనం కింద ప్రభుత్వం చేసిన నిబంధనలు. మేజిస్ట్రేటు సోదా వారెంటు జారీచేసే అధికారం పార్లమెంటు చేసిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 96వ సెక్షన్‌లో, అంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 93వ సెక్షన్‌లో, ఉన్నది. ఈ రెండూ ఢీకొన్నప్పుడు ఏది నిలుస్తుందనే ప్రశ్న, 1997లో జస్టిస్ కీత్ ఎదుట నిలిచిన ప్రశ్నకు దగ్గరి చుట్టమే.