ఫాదర్‌కు నలుపు, పోప్‌కు తెలుపు.. మరి ఆ ఎరుపు ఎవరిది?

వాటికన్ దృశ్యాలు టీవీలో వచ్చినప్పుడు గమనించారా? ఒక్కొక్కరిది ఒక్కో రంగు అంగీ. అది హోదాకు గుర్తు. పాదాల దాకా ఉండే ఈ నిలువుటంగీని కాసాక్ అంటారు. రోమన్ క్యాథలిక్ సంప్రదాయంలో ఫాదర్లకు నలుపు. వేడుకల్లో బిషప్‌లు ఊదా, కార్డినల్స్ ఎరుపు వేసుకుంటారు. పోప్‌ది తెలుపు. మరి మన ఊళ్లలో ఫాదర్లు తెల్లంగీలో కనిపిస్తారేంటి అంటారా? ఎండ! వేడి దేశాల్లో నలుపుకు బదులు తెలుపు వేసుకోవచ్చు.

అసలు బరువంతా ఎరుపుదే. విశ్వాసం కోసం రక్తం చిందించడానికైనా సిద్ధమని దాని అర్థం. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని ఆ ఎరుపు ధరించారు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే. దేశంలో దళితుల నుంచి వచ్చిన తొలి కార్డినల్ కూడా ఆయనే. చర్చిలోనూ కులవివక్ష తప్పట్లేదని దళిత క్రైస్తవులు ఏళ్లుగా వాపోతున్న దేశంలో ఇది చిన్న విషయమేం కాదు.

ఇక పోప్ ఎన్నికప్పుడు తెల్లంగీలను మూడు సైజుల్లో ముందే సిద్ధంగా ఉంచుతారు. ఎవరు ఎన్నికవుతారో తెలీదు కదా! 2013లో పోప్ ఫ్రాన్సిస్ భుజాలపై వేసుకునే ఎర్రటి కేప్ లేకుండానే బాల్కనీలోకి వచ్చారు. 2025 మే 8న పోప్ లియో దాన్ని మళ్లీ వేసుకున్నారు.