చౌకకాలము: మోజార్టు అడాజియో, విజయనగరం ఫిడేలు

'చౌక' అనగానే నేటివారికి బజారు ధర స్ఫురిస్తుంది. వెనుకటి గాయకులకు అది నడక పేరు. విలంబకాలమన్నా చౌకకాలమన్నా ఒకటే. ఆదితాళంలోని ఎనిమిది క్రియలను ఒక్కొక్కటి రెండేసి మారులు వేస్తే అది రెండు కళల చౌకం. క్షేత్రయ్య పదాలకు ప్రాణం ఈ నడకలోనే ఉన్నది. వేగం పెంచితే మాటలు మిగులుతాయి, పదం మిగలదు. సంగీతంలో ఇంతకంటె ఖరీదైన సరకు లేదు. అయినా దానికి ఆ పేరెందుకు దక్కిందో!

పాశ్చాత్యులకూ ఇట్టి నడక ఉన్నది. వారి కన్సర్టోలో సాధారణంగా మూడు భాగాలు. మొదటిదీ చివరిదీ చురుకుగా సాగుతాయి, నడిమిది నింపాదిగా నడుస్తుంది. మోజార్టు 1786 మార్చిలో వియన్నాలో ముగించిన 23వ పియానో కన్సర్టోలోని నడిమి భాగాన్ని ఈమధ్య పలుమార్లు విన్నాను. విజయనగరం సంగీత చరిత్రకు దీనితో ఏమి పొత్తు అని చదువరులకు తోచవచ్చును. కాస్త ఓపిక పట్టండి.

ముందు నడక సంగతి. మోజార్టు స్వహస్తంతో దానిపై వ్రాసినది 'అడాజియో'. తరువాతి ముద్రణలు కొన్ని దానిని 'అందాంతే' చేశాయి, అనగా ఇంకొంచెం నడిపించాయి. మేల్జెల్ తన మెట్రోనోముకు పేటెంటు పొందినది 1815లో, మోజార్టు కన్నుమూసినది 1791లో. కనుక ఆయన చేతిలో నిమిషానికి ఇన్ని దెబ్బలన్న లెక్క లేదు, ఒక్క మాట మాత్రమే ఉన్నది. మన చౌకమూ అటువంటి మాటే. కాలప్రమాణాన్ని గడియారం కాక గురువు నేర్పుతాడు.

ఇక శ్రుతి. ఆ కన్సర్టో మొదటి, చివరి భాగాలు ఎ మేజరులో ఉన్నవి, నడిమిది ఎఫ్ షార్ప్ మైనరులో. మేజర్ స్వరసప్తకం మనకు శంకరాభరణం. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జంగా గ్రహిస్తే నఠభైరవి పుడుతుందని సంగీత విద్యార్థులకు తెలిసినదే. ఎ షడ్జమైతే ఎఫ్ షార్ప్ దానికి ధైవతం. అంటే స్వరస్థానాల దృష్ట్యా మోజార్టు చేసినది గ్రహభేదమే! కాకలి నిషాదం తగిలిన చోట కీరవాణి తొంగిచూస్తుంది. ఒకటి రెండు తావుల శుద్ధరిషభం వచ్చి మనస్సును కలచివేస్తుంది. అయితే ఇది పోలిక మాత్రమే, దీనిని రాగమనరాదు. మన తంబురా కచేరీ ముగిసేదాకా ఒకే షడ్జాన్ని పలుకుతుంది. వారు ఆధారషడ్జాన్నే కదిలిస్తారు, ఆ కదలికతోనే భావం మారుస్తారు.

ఆ భావం కరుణమని వెంటనే అనబుద్ధి వేస్తుంది. నాకు మాత్రం అది ఏడ్చి ఊరుకున్న తరువాతి స్థితిగా, శాంతం వైపు ఒరిగిన కరుణంగా తోచింది. పరదేశపు పాటకు మన రసాల పేర్లు పెట్టడమేమిటని ఆక్షేపించేవారికి అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి 'నవరస తరంగిణి' సమాధానం. కాళిదాసునూ షేక్స్పియరునూ ఒకే పంక్తిని కూర్చుండబెట్టి, వారి ఘట్టాలను రసాల వారీగా తెలుగు చేసిన గ్రంథమది. రసానికి సముద్రం అడ్డు కాదని విజయనగరం ఏనాడో తేల్చింది.

ఆ దాసుగారే 1919లో విజయనగర మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు, ఈ అయిదింటితో అయిదు తాళాలు నడిపిన లయబ్రహ్మ. అదే ఏడు కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా చేరినవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్టణంలో పెరిగారు. చూపు మందం. విద్యార్థిగా చేరబోతే ఆచార్య పదవి లభించిందని ప్రసిద్ధి. 1936లో దాసుగారి తరువాత అధ్యక్షులయ్యారు.

చౌకకాలానికి అసలు పరీక్ష వాద్యంలో ఉన్నది. పియానోలో సుత్తి తంత్రిని కొట్టిన క్షణం నుండి నాదం క్షీణిస్తూనే ఉంటుంది. మోజార్టు కాలపు పియానోలలో ఆ క్షీణత మరీ త్వరితం. అందుకే ఆ అడాజియోలో దూరదూరంగా పడిన స్వరాల నడుమ వాదకుడు అలంకారాలు చేర్చవలెనా, వ్రాసినట్లే మౌనంగా విడువవలెనా అని విద్వాంసులకు నేటికీ వివాదం. మన బొబ్బిలి వీణకూ ఈ చిక్కు ఉన్నది. గొల్లపల్లి శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి ఎంత చక్కగా చేసినా, మీటిన నాదం ఆరిపోక తప్పదు. కాని వైణికుడు మెట్టుపై తంత్రిని లాగి, ఆరిపోయే నాదం నుండే మరి రెండు స్వరాలు పిండుకుంటాడు. పియానోకు ఆ వీలు లేదు. ఒకసారి కొట్టిన స్వరాన్ని వంచజాలదు.

ఫిడేలు దారి వేరు. కమాను కదిలినంతసేపు నాదం జీవిస్తుంది. ఈ సీమవాద్యం దక్షిణదేశానికి వచ్చి, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల వంటివారి చేత కర్ణాటక సంగీతంలో కుదురుకున్న నాటినుండీ ఎక్కువగా గాత్రానికి నీడగానే ఉండినది. నాయుడుగారు పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, దీర్ఘమైన కమానుతో రాగాన్ని నింపాదిగా నిలిపారు. ఫిడేలును ఏకవాద్యంగా కచేరీ నడిమికి తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆలాపనలో తాళం లేకున్నా కాలప్రమాణం ఉన్నదని ఆయన రికార్డులు వింటే తెలుస్తుంది. ఒక స్వరం నుండి మరొక స్వరానికి చేరడంలో తొందర కనిపించదు, జాగు కూడా కనిపించదు. ఈ రెండవది సాధించడం మరింత కష్టం. చౌకమని చెప్పి ఈడ్చేవారిని మనం ఎందరిని వినలేదు!

1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినపుడు మదరాసులో నాయుడుగారి వాద్యం విని మెచ్చుకున్నాడు. మోజార్టు కన్సర్టోలను బాల్యం నుండి వాయించిన చేతులవి. ఆయన విన్నది తన వాద్యాన్నే, మన చౌకంలో.