పెనుకొండ జైనుల విన్నపం

హిందూపురం నుండి మడకశిర మీదుగా అమరాపురం సీమకు వెళ్ళిన బాటసారికి కన్నుల పండువుగా కానవచ్చేవి అక్కడి వక్కతోటలు. ఆ తోటల మాట ఏడువందల యేండ్ల నాటి శాసనంలోనే ఉన్నదంటే శ్రోతలలో కొందరికి వింతగా తోచవచ్చును. 1278వ సంవత్సరంలో, నిడుగల్లు ప్రభువైన ఇరుంగోణ చోళ మహారాజు ఏలుబడిలో, మల్లిసెట్టి అనే జైన గృహస్థు తైలంగెరెలోని బ్రహ్మ జినాలయానికి 2,000 వక్కచెట్లు దానం చేసినట్లు అమరాపురం శాసనం చెబుతున్నది. ఆలయాన్ని పునాది మొదలు శిఖరం దాకా రాతితో నిర్మించవలెనని ఆయన సంకల్పం. ఆ చేరువనే ఉన్న హేమావతి నొలంబ పల్లవుల రాజధాని. శివాలయాలకు పేరుగన్న ఊరు. జినునికీ శివునికీ ఒకే సీమలో చోటు దొరికినది.

ఆ పొందిక అన్ని చోట్లా, అన్ని వేళలా నిలువలేదు. 90 ఏండ్లు గడిచేసరికి ఈ ప్రాంతాన విజయనగర రాజ్యం నెలకొన్నది. పెనుకొండ దానికి ముఖ్య దుర్గం. బుక్కరాయల కుమారుడు వీర విరుపణ్ణ ఒడయరు కాలంలో కోట కట్టిన సంగతి 1354 నాటి శాసనంలో ఉన్నది. ఆ పెనుకొండ పేరు 1368లో, అనగా శక సంవత్సరం 1290, కీలక నామ సంవత్సరం భాద్రపదంలో, మరొక శాసనంలోకి ఎక్కినది. అది శ్రవణబెళగొళలోని భండారి బసదిలో ఉన్నది. ఆనెగొంది, హొసపట్టణం, పెనుగొండ, కల్లెహ మొదలైన నాడుల జైనులు బుక్కరాయల సన్నిధికి పోయి, వైష్ణవ భక్తులు తమకు అన్యాయం చేస్తున్నారని మొరపెట్టుకొన్నారు.

ఎదుటివారు సామాన్యులు కారు. శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోట క్షేత్రాల ఆచార్యులు, పదునెనిమిది నాడుల శ్రీవైష్ణవులు ఆ పక్షాన ఉన్నారు. తిరుకులం వారు, జాంబవకులం వారు కూడా ఆ సభలో లెక్కకు వచ్చినారు. అంతటి సమూహం మీద రాజు ఎదుట నిలిచి ఫిర్యాదు చెప్పడానికి ఎంత గుండె దిటవు కావలెనో ఊహించుకొనవచ్చును. తీరా తీర్పు చెక్కిన శాసనం రామానుజుల స్తుతితోనే ప్రారంభమవుతున్నది!

బుక్కరాయలు జైనుల చేతిని పట్టుకొని శ్రీవైష్ణవుల చేతిలో పెట్టినాడు. వైష్ణవ దర్శనానికీ జైన దర్శనానికీ భేదం లేదన్నాడు. తరువాత తీర్పులో మొదట వచ్చిన మాట ఏమిటి? భూములు కాదు, ధనం కాదు. పంచ మహావాద్యాలూ, కలశమూ జైనులకు పూర్వం వలెనే చెల్లవలెనని.

శృంగం, తమ్మటం, శంఖం, భేరి, జయఘంట - ఇవి పంచ మహావాద్యాలు. వీటి కోసమా రాజసభకు పోవడం అని నేటివారికి అనిపించవచ్చును. మాకు మాత్రం తీర్పులోని ప్రాణమంతా ఇక్కడే ఉన్నదనిపిస్తున్నది. పల్లెలో దేవుని ఉత్సవం చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వాద్యం మోగితేనే ఉత్సవం. అది వీధిలో నడిస్తేనే ఆ కుటుంబాలు ఊరివారిలో ఊరివారు. భేరి మోగరాదన్న చోట తిండికీ బట్టకూ లోటు లేకపోవచ్చును గాని, మనుషులు పండుగనాడు తలుపులు మూసుకొని కూర్చోవలసివస్తుంది. పెనుకొండవారు అడిగినది నలుగురి నడుమ సంతోషించే హక్కు.

రాజు అక్కడితో ఆగలేదు. భక్తుల మూలంగా జైన దర్శనానికి హాని గాని వృద్ధి గాని కలిగితే, అది తమ దర్శనానికే కలిగినదిగా వైష్ణవులు భావించవలెనన్నాడు. ఈ శాసనాన్ని రాజ్యంలోని బసదులన్నింటిలో వైష్ణవులే నిలుపవలెనన్నాడు. ఆ పైన ఒక ఏర్పాటు: రాజ్యంలోని జైనులు ఇంటింటికి ఏడాదికి ఒక హణం చొప్పున ఇస్తారు, తిరుమల తాతయ్య దానిని జైనుల సమ్మతితో వసూలు చేసి, బెళగొళ దేవునికి ఇరువదిమంది కావలివారిని నియమిస్తాడు, మిగిలిన సొమ్ముతో జీర్ణమైన జినాలయాలకు సున్నం కొట్టిస్తాడు.

కావలి ఖర్చు కష్టపడినవారి మీదనే పడినదే అని పాఠకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. మేమూ దానికి పూర్తిగా సమాధానపడలేదు. అయినా రాజు లోకజ్ఞానం గమనించదగినది. నిన్నటిదాకా ఎదురుపక్షమైన వైష్ణవాచార్యుని చేతికి జైనుల గుడికి సున్నం వేయించే పని అప్పగించినాడు. ఏటేటా లెక్క చూచి, గోడ చూచి, కావలివాని మంచిచెడ్డలు అడిగేవానికి ఆ గుడి పరాయిదిగా ఎన్నాళ్ళు ఉంటుంది? దయను మనసుకు వదలిపెట్టక పనిలో పెట్టడమంటే ఇదే.

రాజాజ్ఞ దానంతట అది నడువదు. కల్లెహకు చెందిన హర్విసెట్టి కుమారుడు బుసువిసెట్టి మరల బుక్కరాయలకు విన్నవించి, తిరుమల తాతయ్యను పిలిపించి శాసనాన్ని జీర్ణోద్ధారం చేయించినాడు. రెండు సంఘాలవారూ కూడి ఆయనకు సంఘనాయక పదవి ఇచ్చినారు. ఒక్క సంఘం కాదు, రెండూ.

విజయనగరంలో ఈ పొందు కొంతకాలం బాగా సాగినది. 1385లో జైనుడైన ఇరుగప్ప దండనాయకుడు రాజధానిలోనే కుంథునాథునికి చైత్యాలయం కట్టించినాడు. 1426లో రెండవ దేవరాయలు పార్శ్వనాథునికి రాతి గుడి ఎత్తించినాడు. అయితే 1512 నాటి శ్రీశైల శాసనంలో ఒక వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికినట్లు గొప్పగా చెప్పుకొన్నాడు. ఫ్రాన్సులో 1598లో ప్రొటెస్టెంట్లకు రక్షణ కల్పించిన నాంత్ శాసనాన్ని 1685లో మరొక రాజు రద్దు చేసినాడు. ఒక తరం వ్రాసుకొన్న ఒడంబడికను తరువాతి తరం మళ్ళీ చదువుకోవలసినదే. బుసువిసెట్టికి ఇది తెలుసును.

పెనుకొండలో పచ్చ పార్శ్వనాథస్వామి ఆలయం నేటికీ పూజలందుకొంటున్నది. అదే ఊరిలో బాబయ్య దర్గా ఉన్నది. రాముని కోవెలా, శివుని కోవెలా పక్కపక్కనే ఉన్నవి. పచ్చరాతి స్వామిని చూడవచ్చిన యాత్రికులలో, ఆ ఊరివారు ఒకనాడు వాద్యాల కోసం రాజు దాకా నడిచినారని ఎరిగినవారు బహు కొద్దిమంది.