ఒకే ద్వారం, రెండు భాషలు: జాతీయ స్నాతకోత్తర ప్రవేశ పరీక్ష, తెలుగు విద్యార్థి సన్నద్ధత - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కేంద్రీయ విశ్వవిద్యాలయాల స్నాతకోత్తర కోర్సులలో ప్రవేశానికి 2022 నుంచి సీయూఈటీ-పీజీ అనే జాతీయ పరీక్ష జరుగుతున్నది. తెలుగు మాధ్యమంలో పట్టభద్రులైన విద్యార్థులు ఈ పరీక్షకు సన్నద్ధమయ్యే తీరును చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1857 నాటి మద్రాసు మెట్రిక్యులేషన్ మొదలుకొని నేటి కంప్యూటర్ ఆధారిత పరీక్ష దాకా తెలుగు తరగతి గదిలోకి, పాఠ్యపుస్తకంలోకి ప్రవేశించినంత సులువుగా పరీక్షలోకి ప్రవేశించలేకపోయిందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. హైదరాబాదు ఉత్తర శివారులోని సుచిత్ర ప్రాంతాన్ని ఈ చర్చకు భౌగోళిక భూమికగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ప్రవేశ పరీక్ష, బోధనా మాధ్యమం, ఆరు సూత్రాల పథకం, పారిభాషిక పదాలు, బహుళైచ్ఛిక ప్రశ్న, సుచిత్ర.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి కామారెడ్డి, నిజామాబాదుల వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద, బోయినపల్లికీ కొంపల్లికీ నడుమ ఉన్న కూడలి సుచిత్ర. దీనికి పడమట జీడిమెట్ల పారిశ్రామికవాడ, తూర్పున అల్వాల్ ఉన్నాయి. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమైంది. ఉత్తర తెలంగాణ నుంచి చదువు కోసమో, ఉపాధి కోసమో బస్సెక్కి వచ్చేవారికి నగరం మొదలయ్యేది ఇటువంటి కూడళ్ల దగ్గరే.

ఈ ప్రాంతానికి ఈశాన్యంగా ఉన్న శామీర్‌పేటలో జాతీయ స్థాయి సంస్థలు వెలిశాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తొలుత బర్కత్‌పురాలో నడిచి, తరువాత శామీర్‌పేటకు తరలింది. 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం జవహర్‌నగర్ వద్ద ప్రారంభమైంది. నగరానికి పడమట గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం, తార్నాకలో ఉస్మానియా, దాని పక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నాయి. సుచిత్రలో గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి ఇవన్నీ ఒక పూట ప్రయాణంలో చేరదగినవే. అయితే దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయంలో చేరడానికి రాయవలసిన పరీక్ష దేశమంతటికీ ఒక్కటే. ఆ పరీక్ష ఏ భాషలో ఉన్నది, ఏ జ్ఞానాన్ని కొలుస్తున్నది అన్న ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

2. పరీక్ష చుట్టూ భాషావివాదం: 1857-1968

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటి నుంచి కోస్తా, రాయలసీమ విద్యార్థులకు ఉన్నత విద్యాద్వారం మెట్రిక్యులేషన్ పరీక్ష. అది ఆంగ్లంలో సాగింది. తెలుగు ఒక పాఠ్యాంశంగా మిగిలింది. నిజాం రాజ్యంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్లాన్ని కాదని ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. అందుకోసం విశ్వవిద్యాలయం కంటె ముందే, 1917లో, అనువాద సంస్థను నెలకొల్పింది. పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదాలు సిద్ధం కానిదే మాధ్యమం మారదన్న అవగాహన ఆ నిర్ణయంలో ఉన్నది. అయితే తెలంగాణలోని తెలుగు విద్యార్థికి ఆంగ్లం వలెనే ఉర్దూ కూడా ఇంటి భాష కాదు.

తెలుగు భాషాచరిత్రలో అతి పెద్ద వివాదమూ పరీక్ష చుట్టూనే తిరిగింది. గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్రను సాహిత్య చరిత్రగా చదువుకోవడం పరిపాటి. కాని విద్యార్థి పరీక్షలో రాసే వ్యాసరచన ఏ శైలిలో ఉండాలన్న ప్రశ్నే ఆ వాదాన్ని తీవ్రం చేసింది. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ సందర్భంలో పుట్టినదే. గిడుగు రామమూర్తి, జయంతి రామయ్య పంతులు పరస్పరం ఎదిరించుకున్నది కవిత్వం కోసం మాత్రమే కాదు, మార్కులు వేసే అధికారి దృష్టిలో ఏది తెలుగు అన్న దాని కోసం కూడా. కవులు, పత్రికలు వ్యావహారికాన్ని స్వీకరించిన చాలా కాలానికి గాని విశ్వవిద్యాలయ పరీక్షలు దానిని పూర్తిగా అంగీకరించలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 1968లో పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడుగా తెలుగు అకాడమీ స్థాపితమైంది. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు అకాడమీ కృషి వల్లనే విస్తరించాయి. ద్రవ్యోల్బణం, ఉపాంత ప్రయోజనం, సార్వభౌమాధికారం, సామాజిక స్తరీకరణ వంటి పదాలతో ఆలోచించగల పట్టభద్రుల తరాలు అలా తయారయ్యాయి.

3. ఆరు సూత్రాల పథకం నుంచి ఏకీకృత పరీక్ష దాకా

1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమాల తరువాత, 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వెలువడింది. విద్యావకాశాలు పెంచడానికి హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్నది అందులో ఒక అంశం. 32వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371ఇ అధికరణం దానికి ఆధారమైంది. 1974 అక్టోబరు 2న హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడి, అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు నివాసం గోల్డెన్ త్రెషోల్డ్‌లో తొలి అడుగులు వేసింది.

అదే పథకం ఫలితంగా 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం అటువంటి స్థానిక కోటా లేదు. ప్రాంతీయ అసంతృప్తికి సమాధానంగా పుట్టిన విశ్వవిద్యాలయంలోకి ఆ ప్రాంత విద్యార్థి వెళ్లగల మార్గం ప్రవేశ పరీక్ష ఒక్కటే అయింది. కనుక ఆ పరీక్ష స్వరూపంలో వచ్చే ప్రతి మార్పూ స్థానిక విద్యార్థి మీద అధిక ప్రభావం చూపుతుంది.

చాలా కాలం హైదరాబాదు విశ్వవిద్యాలయం సొంత ప్రవేశ పరీక్ష నిర్వహించింది. ఆ విశ్వవిద్యాలయం ఏమి అడుగుతుంది, ఎటువంటి విద్యార్థిని కోరుకుంటుంది అన్న విషయాలను పాత ప్రశ్నపత్రాల నుంచి, సీనియర్ల నుంచి తెలుసుకోవడమే అప్పటి సన్నద్ధత. 2010లో కొన్ని కొత్త కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కలిసి ఉమ్మడి పరీక్షను ఆరంభించాయి. 2017లో జాతీయ పరీక్షా సంస్థ (ఎన్‌టీఏ) ఏర్పడింది. 2020 జాతీయ విద్యావిధానం ఉమ్మడి ప్రవేశ పరీక్షలను సిఫారసు చేసింది. 2022 సెప్టెంబరులో తొలి సీయూఈటీ-పీజీ జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం 2023 నుంచి తన స్నాతకోత్తర ప్రవేశాలకు దీనినే ప్రాతిపదిక చేసుకుంది.

ఏకీకరణ వల్ల కలిగిన మేలును తక్కువ చేయరాదు. ఒకే దరఖాస్తుతో ఒక విద్యార్థిని హైదరాబాదుకూ, వారణాసికీ, ఢిల్లీకీ పోటీ పడవచ్చు. విడివిడి పరీక్షల ఖర్చులు, ప్రయాణాలు తగ్గాయి. ఆడపిల్లను దూరప్రాంత పరీక్షకు పంపడానికి వెనుకాడే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అయితే దరఖాస్తు సులువైనంత మాత్రాన పరీక్ష సమానమైనదని చెప్పలేము.

4. సన్నద్ధతలో భాష: రాష్ట్రమా, రాజ్యమా?

డిగ్రీ ప్రవేశాలకు జరిగే సీయూఈటీ-యూజీ తెలుగుతో సహా 13 భాషలలో ఉన్నది. వైద్య ప్రవేశ పరీక్ష నీట్ 2017 నుంచి, ఇంజనీరింగు ప్రవేశానికి జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ జరుగుతున్నాయి. సీయూఈటీ-పీజీలో మాత్రం భాషా సబ్జెక్టులు, మరికొన్ని మినహాయింపులు పక్కన పెడితే, ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీలలోనే ఉంటుంది. పదిహేడేళ్ల వయసులో తెలుగులో పరీక్ష రాసే హక్కున్న విద్యార్థికి మూడేళ్లు తెలుగులో చరిత్ర, రాజనీతిశాస్త్రం చదివిన తరువాత ఆ హక్కు లేకుండా పోతున్నది.

కాలపరిమితి ఈ ఇబ్బందిని మరింత పెంచింది. 2025 పరీక్షలో 75 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ఒక్కొక్క ప్రశ్నకు 72 సెకన్లు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. తెలుగు మాధ్యమ విద్యార్థి ఆ వ్యవధిలో ప్రశ్నను ఆంగ్లంలో చదివి, తాను చదువుకున్న పదంతో సరిపోల్చుకొని, విషయాన్ని స్మరించి, మళ్లీ ఆంగ్లంలో ఉన్న నాలుగు ఐచ్ఛికాలలో ఒకదానిని ఎంచుకోవాలి. విషయం తెలిసి కూడా పదం తెలియక ప్రశ్నను వదిలివేసే స్థితి ఇక్కడ ఏర్పడుతుంది. ఇదే విద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే సీపీగెట్‌కు కూడా సిద్ధపడతాడు. అందులో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, మార్కుల కోత లేదు. ఒక పరీక్షలో తెలియని ప్రశ్నకూ జవాబు గుర్తించడం వివేకం, మరొకదానిలో అది నష్టహేతువు.

హిందీ పాఠం సంస్కృత పదభూయిష్ఠం గనుక తెలుగు విద్యార్థికి ఆసరా కాగలదన్న భావన ఒకటి ఉన్నది. అది పరిశీలనకు నిలవదు. తెలుగులో ‘రాష్ట్రం’ అంటే భారత సమాఖ్యలోని ఒక అంగం. హిందీలో ‘రాష్ట్ర’ జాతికి, దేశానికి వాచకం, సమాఖ్యలోని అంగం ‘రాజ్య’. తెలుగులో ‘జాతి’ నేషన్ అన్న అర్థంలో కూడా వాడుతుండగా హిందీలో ‘జాతి’ కులవాచకం. తెలుగులో ‘కులం’ సామాజిక వర్గం. హిందీలో ‘కుల్’ వంశం, లేదా మొత్తం. ‘శిక్ష’ తెలుగులో దండన, హిందీలో విద్య. ‘ఉపన్యాసం’ తెలుగులో ప్రసంగం, హిందీలో నవల. మన ద్రవ్యోల్బణం అక్కడ ‘ముద్రాస్ఫీతి’, మన సార్వభౌమాధికారం ‘సంప్రభుతా’. సమాజశాస్త్ర పరీక్షలో జాతి-కుల భేదం, రాజనీతిశాస్త్రంలో రాజ్య-రాష్ట్ర భేదం పునాది వంటివి. తెలిసినట్టు కనిపించే పదమే అక్కడ విద్యార్థిని తప్పుదోవ పట్టిస్తుంది.

దీనికి పరిష్కారంగా డిగ్రీని ఆంగ్ల మాధ్యమంలోకి మార్చడాన్ని కొందరు సూచిస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 నుంచి డిగ్రీ కళాశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. పరీక్ష భాష చివరకు బోధన భాషను శాసిస్తుందనడానికి ఇటువంటి వాదాలే నిదర్శనం. 1914లో ప్రశ్న ఏ తెలుగు అన్నది; నేడు తెలుగు ఉండాలా వద్దా అన్నది.

5. తెలుగు సబ్జెక్టు పరీక్ష: తొలి కథ ఏది?

ఎం.ఏ. తెలుగులో చేరదలచిన విద్యార్థికి భాష అడ్డంకి లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనే ఉంటుంది. ఇక్కడ సమస్య ప్రశ్న స్వరూపానిది. బహుళైచ్ఛిక ప్రశ్నకు ఒకే సరైన సమాధానం ఉండాలి. సాహిత్య చరిత్రలో అన్నిటికీ అటువంటి సమాధానం లేదు.

తొలి తెలుగు కథగా 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ను చాలా కాలం పేర్కొన్నారు. భండారు అచ్చమాంబ 1902లోనే ‘ధనత్రయోదశి’ ప్రచురించిందని స్త్రీవాద సాహిత్య పరిశోధన ముందుకు తెచ్చింది. తొలి నవలగా కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878)ను చెప్పేవారున్నారు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ (1872)ను చెప్పేవారూ ఉన్నారు. పోతన జన్మస్థలం బమ్మెరా, ఒంటిమిట్టా అన్నది రెండు ప్రాంతాల అభిమానాలతో ముడిపడిన వివాదం. పాల్కురికి సోమనాథుని కాలం మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. తరగతిలో అధ్యాపకుడు ఈ వివాదాలను బోధించిన కొద్దీ విద్యార్థి పరిశోధన దృష్టి పెరుగుతుంది. పరీక్షలో అదే విద్యార్థి నాలుగు గడులలో ఒకదానిని నొక్కాలి. ఎక్కువ చదివిన విద్యార్థి ఎక్కువ తటపటాయిస్తాడు. 72 సెకన్లలో తటపటాయింపునకు చోటు లేదు.

ఈ ధోరణి స్నాతకోత్తర ప్రవేశంతో మొదలైనది కాదు. 1989లో ఆరంభమైన యూజీసీ నెట్ పరీక్షలో మూడవ పత్రం వర్ణనాత్మకంగా ఉండేది. 2012 జూన్ నుంచి అది కూడా బహుళైచ్ఛికమైంది. 2018లో మూడవ పత్రమే రద్దయింది. ఇప్పుడు ప్రవేశం నుంచి అధ్యాపక అర్హత దాకా తెలుగు విద్యార్థి జాతీయ పరీక్షలలో ఒక్క వాక్యం కూడా తెలుగులో రాయనవసరం లేదు. ఏ శైలిలో రాయాలన్న దాని మీద గురజాడ, గిడుగు అంత పోరాటం చేసిన పరీక్షలో రాయడమే లేకుండా పోయింది. దాని ఫలితం పరిశోధన దశలో, సిద్ధాంత వ్యాసం తొలి అధ్యాయం రాయడానికి కూర్చున్నప్పుడు గాని బయటపడదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు ప్రాంతాలలో విద్యాభాషా వివాదాలు పరీక్షల చుట్టూ తీవ్రమయ్యాయి. పాఠ్యపుస్తకం మారినా పరీక్ష మారనప్పుడు ఆ సంస్కరణ అసంపూర్ణంగా మిగిలింది.

2. స్థానిక కోటా లేని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ప్రవేశ పరీక్షే ద్వారం. ఆ పరీక్ష రెండు భాషలకు పరిమితం కావడం తెలుగు అకాడమీ అర్ధశతాబ్దపు కృషి ఫలితాన్ని ద్వారం వెలుపల నిలబెడుతున్నది.

3. డిగ్రీ ప్రవేశ పరీక్షను 13 భాషలలో నిర్వహించగలిగిన వ్యవస్థకు సామాజిక శాస్త్రాలలోనైనా పీజీ పరీక్షను భారతీయ భాషలలో నిర్వహించడం అసాధ్యమని చెప్పడానికి వీలులేదు.

4. అంతవరకు డిగ్రీ కళాశాలలలో తెలుగు, ఆంగ్ల పారిభాషిక పదాలను పక్కపక్కన పెట్టి బోధించడం అవసరం. మాధ్యమం మార్చకుండానే చేయగల పని ఇది; అధ్యాపకుల చేతిలో ఉన్న పని కూడా.

5. తెలుగు సబ్జెక్టు ప్రవేశంలో ఒక చిన్న రచనా భాగమైనా ఉండాలి. సాహిత్య విద్యార్థికి సమాచారం ఎంత తెలుసునన్న దానితో పాటు, దానితో అతడు ఏమి వాదించగలడన్నది కూడా విశ్వవిద్యాలయం తెలుసుకోవలసిన విషయం.

సుచిత్ర కూడలి నుంచి శామీర్‌పేటకు, తార్నాకకు, గచ్చిబౌలికి దారులున్నాయి. యాభై ఏళ్ల క్రితం ఒక ప్రాంతపు ఆకాంక్షలకు జవాబుగా వచ్చిన విశ్వవిద్యాలయంలోకి ఆ ప్రాంతపు భాషలో చదువుకున్న విద్యార్థి తన భాషతోనే ప్రవేశించగలిగిన నాడే ఆ జవాబు పూర్తవుతుంది.