ఎనిమిదేళ్లొచ్చినా ‘బచ్చా’యే

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కను ‘బచ్చా’ అనడం, పెంచేవాళ్లు దానికి మమ్మీ, పాపా కావడం మామూలే. ఎనిమిదేళ్ల లాబ్రడార్‌కూ అదే పిలుపు.

ఇది ఉత్త మురిపెం కాదు. గుండ్రటి తల, పెద్ద కళ్లు చూస్తే మనిషికి లాలించాలనిపిస్తుందని కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశారు. కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తే కండరం కుక్కల్లో స్పష్టంగా ఉంటుందని, తోడేళ్లలో దాదాపు కనిపించదని 2019లో ఒక పరిశోధన తేల్చింది. ఆ జాలి చూపు దాని చలవే.

వయసు మాత్రం ఆగదు. కుక్కకు ఒక ఏడాదంటే మనిషికి ఏడేళ్లన్న లెక్క కూడా సరికాదు. లాబ్రడార్ల డీఎన్‌ఏపై 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఏడాది కుక్క సుమారు 30 ఏళ్ల మనిషితో సమానం. ఎనిమిదేళ్లకు అరవై దాటేస్తుంది.

పేచీ లిఫ్టులో మొదలవుతుంది. ‘చిన్నపిల్లాడండీ, ఏం చేయడు’ అంటే నోయిడాలో చెల్లదు. అక్కడి అథారిటీ 2022 నవంబరులో తెచ్చిన విధానం ప్రకారం కుక్క ఎవరినైనా గాయపరిస్తే యజమానికి 10,000 రూపాయల జరిమానా, పైగా చికిత్స ఖర్చు. మెట్లెక్కనని మొరాయించే ముసలి కుక్కకు కీళ్ల నొప్పులేమో చూపించకుండా, మారాం చేస్తోందని బుజ్జగించేదీ ఇలాంటి ఇళ్లలోనే.