చెవి కారుతోందా? అదే తగ్గుతుందిలే అని వదిలేయకండి

పిల్లాడి చెవిలోంచి చీము కారుతుంటే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "చిన్నపిల్లలకు మామూలే, పెద్దయితే అదే పోతుంది." కాస్త దూది పెడతారు, నాలుగు చుక్కలు నూనె పోస్తారు. వారం తిరిగేసరికి చెవి ఆరుతుంది. మళ్లీ జలుబు రాగానే మొదలవుతుంది. ఇలా ఏళ్లు గడిచేసరికి వినికిడి తగ్గిపోతుంది. నొప్పి లేదు కదా, జబ్బేముంది అనుకోవడమే ఇక్కడ పెద్ద పొరపాటు. ఏళ్ల తరబడి కారే చెవిలో నొప్పి సాధారణంగా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మంది చెవి కారే సమస్యతో బాధపడుతున్నారు. వారిలో 60 శాతం మందికి వినికిడి గణనీయంగా తగ్గింది. సమయానికి చూపించుకుంటే ఇందులో చాలా భాగాన్ని ఆపవచ్చు.

చీము ఎక్కడి నుంచి వస్తుంది?

చెవిలో బయటి చెవి, మధ్య చెవి, లోపలి చెవి అని మూడు భాగాలుంటాయి. బయటి చెవికీ మధ్య చెవికీ మధ్య పల్చటి పొర ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెనుక మూడు చిన్న ఎముకలు శబ్దాన్ని లోపలికి చేరవేస్తాయి. మధ్య చెవి నుంచి ముక్కు వెనుక భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పిల్లల్లో ఇది పొట్టిగా, అడ్డంగా ఉండడం వల్ల జలుబు, గొంతు నొప్పి వచ్చినప్పుడు ఇన్ఫెక్షన్ తేలిగ్గా చెవికి పాకుతుంది. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం, ఇంట్లో సిగరెట్, బీడీ పొగ కూడా ఈ ముప్పును పెంచుతాయి.

మొదట జ్వరం, విపరీతమైన చెవిపోటు వస్తాయి. లోపల చీము నిండి కర్ణభేరికి చిల్లు పడితే అది బయటికి వచ్చి నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. అమ్మానాన్నలు హమ్మయ్య అనుకుంటారు. చాలామందిలో ఈ చిల్లు కొద్ది వారాల్లో పూడుతుంది కూడా. పూడకుండా కారుతూనే ఉంటే సమస్య ముదిరినట్టు. 2 వారాలు దాటి కారితే దీర్ఘకాలిక వ్యాధిగానే చూడాలి.

అన్ని చీములూ ఒకటి కావు

ఈఎన్‌టీ డాక్టర్ ముందుగా తేల్చేది ఇది ఏ రకం అన్నదే.

మొదటి రకంలో కర్ణభేరి మధ్యలో చిల్లు ఉంటుంది. జలుబు చేసినప్పుడో, నీళ్లు పోయినప్పుడో జిగటగా ఎక్కువగా కారుతుంది, పెద్దగా వాసన ఉండదు. మధ్యమధ్యలో ఆరిపోతుంది. దీనివల్ల ప్రాణాపాయం తక్కువ. కానీ వినికిడి దెబ్బతింటుంది.

రెండో రకంలో కొద్దిగానే కారుతుంది. కానీ కుళ్లిన వాసన ఉంటుంది, ఒక్కోసారి రక్తం కలుస్తుంది, ఎన్ని మందులు వాడినా ఆగదు. లోపల ఉండకూడని చోట చర్మం సంచిలా పెరిగి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంటుంది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, అయితే చుక్కల మందుకు నయమయ్యేదీ కాదు. ఆపరేషన్ తప్పదు. వదిలేస్తే ముఖం వంకర పోవచ్చు, ఇన్ఫెక్షన్ మెదడుకు పాకవచ్చు.

వానాకాలంలో దురదతో చెవి తడిగా ఉంటే అది ఫంగస్ కావచ్చు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టనంత చెవి నొప్పి వస్తుంటే, బయటి చెవి ఇన్ఫెక్షన్ ఎముకకు పాకిందేమో వెంటనే చూపించుకోవాలి.

ఏ పరీక్షలు చేస్తారు?

ఎన్నాళ్లుగా కారుతోంది, వాసన ఉందా, తల తిరుగుతుందా అని డాక్టర్ అడుగుతారు. ఆటోస్కోప్‌తోనో, మైక్రోస్కోప్ కింద చీమును పీల్చి శుభ్రం చేసో కర్ణభేరిని చూస్తారు. చీము తీయకుండా చిల్లు సరిగా కనిపించదు. అందుకే చెవి చూడకుండా మందుల షాపులో చుక్కలు అడిగి తెచ్చుకోవడం మంచిది కాదు.

తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ పరీక్ష. కంపించే ఫోర్క్‌ను చెవి వెనుక ఎముకపై పెట్టి, తర్వాత చెవి ముందుకు తెచ్చి ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో అడుగుతారు. ఎముక మీదే గట్టిగా వినిపిస్తే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. వినికిడి ఎంత తగ్గిందో ఆడియోమెట్రీ చెబుతుంది. దీనికి నొప్పి ఉండదు. మందులకు తగ్గకపోతే చీమును ల్యాబ్‌కు పంపుతారు. రెండో రకం అనుమానం ఉంటే, ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్ చేయిస్తారు.

చికిత్స, ఇంట్లో జాగ్రత్తలు

చెవిని పొడిగా ఉంచడమే సగం వైద్యం. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డను వత్తిలా చుట్టి చెవిలో మెల్లగా పెట్టి, తడి పీల్చుకున్నాక తీసి కొత్తది పెట్టాలి. పొడిగా వచ్చేదాకా రోజుకు 3 సార్లు ఇలా చేయాలి. ఇయర్ బడ్స్, పిన్నీసు, అగ్గిపుల్ల వాడకూడదు. రోడ్డు పక్కన చెవి శుభ్రం చేసేవారి దగ్గరకు వెళ్లకూడదు. వెల్లుల్లి నూనె, తల్లిపాలు చెవిలో పోయకూడదు.

డాక్టర్ రాసిన చుక్కలు వేసే ముందు సీసాను కాసేపు అరచేతిలో పట్టుకోండి. చల్లటి మందు పడితే తల తిరుగుతుంది. పక్కకు పడుకోబెట్టి చుక్కలు వేసి, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కి, 5 నిమిషాలు అలాగే ఉంచాలి. పాత సీసాల్లో మిగిలిన మందు వాడొద్దు. జెంటామైసిన్ లాంటి కొన్ని చుక్కలు చిల్లు ఉన్న చెవిలో పడితే లోపలి చెవికి హాని చేయగలవు.

తలస్నానానికి, గుస్ల్‌కు ముందు వాజిలిన్ రాసిన దూది చెవికి పెట్టుకోవాలి. వుజూలో చెవుల మసహ్ తడి వేళ్లతోనే కాబట్టి లోపలికి నీళ్లు పోనక్కర్లేదు. ఈత మానాలి.

రంజాన్‌లో చాలామందికి ఒక సందేహం వస్తుంది. చిల్లు ఉంటే చుక్కలు గొంతులోకి దిగి చేదు తగలవచ్చు. గొంతుకు చేరినది మింగకపోతే చెవి చుక్కలతో రోజా భంగం కాదని 1997లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. భిన్నాభిప్రాయం ఉన్న ఉలమా కూడా ఉన్నారు. రోజుకు 2 సార్లు వేసే మందైతే సహరీ ముగిసేలోపు ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. రోజా పేరుతో మందు మధ్యలో ఆపేయకండి.

చిల్లు పూడకపోతే చెవి పైభాగంలోని కండరం మీది పొరను తీసి కర్ణభేరికి అతికిస్తారు. ఇదే టింపనోప్లాస్టీ. ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పేదాకా ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, విమాన ప్రయాణం వాయిదా వేయాలి.

పిల్లాడికి వినిపించడం లేదేమో!

టీవీ సౌండ్ పెంచడం, ప్రతి మాటకూ "ఆ?" అనడం, వెనుక నుంచి పిలిస్తే తిరగకపోవడం గమనించండి. బడిలో టీచర్ "ధ్యాస లేదు" అన్నా, మదరసాలో ఉస్తాద్ "సబఖ్ సరిగా పలకడం లేదు" అన్నా తిట్టే ముందు ఒకసారి చెవి చూపించండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

చెవి వెనుక వాపు వచ్చి చెవి ముందుకు తోసుకు రావడం, ముఖం ఒక పక్కకు లాగడం, తల తిరగడం, జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మగత, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఎక్కడ చూపించాలి?

మొదట దగ్గరి బస్తీ దవాఖానా లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. సర్కారు బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షల్లో చెవి జబ్బులు కూడా ఉన్నాయి. ఆ రోజు బడి మాన్పించకండి. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడిన చుక్కల సీసాలు వెంట తీసుకెళ్లండి. చీము ఆగిపోయినా చెప్పిన రోజుకు మళ్లీ వెళ్లి చిల్లు పూడిందో లేదో చూపించుకోండి. కారడం ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు.